గంజి పడి బొబ్బలెక్కాయి: గుచ్చాలా, అలాగే ఉంచాలా?

సీతమ్మధార గృహిణి

అందరికీ నమస్కారం. నిన్న మధ్యాహ్నం అన్నం వారుస్తుంటే మూత జారి, మరుగుతున్న గంజి ఎడమ ముంజేతి లోపలి వైపు పడింది. వెంటనే చెయ్యి కుళాయి కింద పెట్టాను. కానీ మన ఊళ్లో మే నెల ఎండకు మేడ మీద ట్యాంకు నీళ్లు ఎలా వస్తాయో మీకు తెలుసు. చెయ్యి పెట్టలేకపోయాను. తాగే నీళ్లు బకెట్లో పోసుకుని అందులో ముంచి ఉంచాను. అప్పటికి చర్మం ఎర్రగా ఉంది, అంతే. సాయంత్రానికి చిన్న బొబ్బ లేచింది. ఈ రోజు పొద్దున చూస్తే అది రూపాయి బిళ్ళంత అయింది, పక్కన ఇంకో రెండు మూడు చిన్నవి కూడా లేచాయి.

అత్తగారు పసుపు, వెన్న కలిపి రాయమంటున్నారు. పక్కింటావిడ సూదితో గుచ్చి నీరు తీసేస్తే త్వరగా ఆరిపోతుందంటున్నారు. కాలినప్పుడు లేని బొబ్బ ఈ రోజు ఇంత ఎలా అయింది? గుచ్చాలా, వద్దా? మచ్చ మిగులుతుందా? తెలిసినవారు చెప్పండి.

పూర్ణామార్కెట్

అమ్మా, గుచ్చకండి. మా ఇంట్లో ఎవరికి కాలినా మా నాన్నగారు సిరా పోసేవారు. ఇప్పుడు ఇళ్లలో సిరా లేదు కాబట్టి పళ్ల పేస్టు రాస్తున్నాం. రాయగానే చల్లబడుతుంది, మంట తగ్గుతుంది. మా పిల్లలందరికీ అలాగే తగ్గింది.

డ్రెస్సింగ్ గది

సీతమ్మధార అక్కా, నేను నర్సును. ఏళ్ల తరబడి కాలిన గాయాలకు కట్లు కట్టే పనిలోనే ఉన్నాను. ముందు మీ గాయం సంగతి చెప్పి, తర్వాత పేస్టు దగ్గరికి వస్తాను.

మీరు చేసినవాటిలో అన్నిటికన్నా మంచి పని తాగే నీళ్లలో చెయ్యి ముంచడం. కాలిన వెంటనే 20 నిమిషాల పాటు చల్లటి నీళ్లు పోయాలి. పారే నీళ్లయితే ఇంకా మంచిది. వెంటనే కుదరకపోయినా, కాలిన మూడు గంటల లోపు ఎప్పుడు పోసినా ఉపయోగం ఉంటుంది. వేసవిలో విశాఖలో మధ్యాహ్నం పూట ట్యాంకు నీళ్లను నమ్ముకోకూడదు. ఇంట్లో నీడపట్టున ఒక బకెట్ నీళ్లు ఎప్పుడూ ఉంచుకోండి. అవి లేకపోతే కుండ నీళ్లు మగ్గుతో పోసుకోండి. ఐసు గడ్డ మాత్రం పెట్టకూడదు. విపరీతమైన చలికి రక్తనాళాలు ముడుచుకుపోయి, అసలే దెబ్బతిన్న చర్మానికి రక్తం అందదు. గాజులు, ఉంగరాలు, వాచీ వెంటనే తీసేయాలి. కాసేపటికి చెయ్యి వాస్తుంది, అప్పుడు రావు.

ఇప్పుడు బొబ్బ. చిన్న వాటిని ముట్టుకోకండి. ఇంట్లో సూదితో అసలే వద్దు. సబ్బు, నీళ్లతో మెల్లగా కడిగి, శుభ్రమైన గుడ్డతో అద్ది, పైన పెట్రోలియం జెల్లీ పలచగా రాసి, గాయానికి అంటుకోని గాజుగుడ్డ వేసి వదులుగా కట్టండి. దూది నేరుగా పెట్టకండి, పోగులు అంటుకుపోతాయి. నొప్పికి పారాసెటమాల్ చాలు. ధనుర్వాతం టీకా చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లి అడగండి.

పూర్ణామార్కెట్ బాబాయి గారూ, మీ ఇంట్లో తగ్గిందన్న మాట నిజమే అయి ఉంటుంది. పైపై కాలినది ఏమీ రాయకపోయినా తగ్గుతుంది. పేస్టులోని పుదీనా గుణం వల్ల చల్లగా అనిపిస్తుంది తప్ప చర్మంలోని వేడి బయటికి పోదు. తర్వాత అది ఎండి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చును మేము తడిపి, గీకి తీయాలి. పిల్లలు ఏడుస్తుంటే ఆ పని చేయడం ఎంత కష్టమో మాటల్లో చెప్పలేను. సిరా, పసుపు, కాఫీ పొడి వేసుకొస్తే ఇంకో ఇబ్బంది. గాయం ఎంత లోతో రంగు చూసే తేల్చాలి, ఆ రంగే కనిపించదు. వెన్న, నెయ్యి వేడి మీద పొరలా కూర్చుంటాయి, వాటిలో సూక్ష్మజీవులూ ఉంటాయి. దయచేసి ఇవేవీ రాయకండి.

పెందుర్తి మాస్టారు

నేను ఉద్యోగ విరమణ చేసిన జీవశాస్త్రం ఉపాధ్యాయుణ్ణి. కాలినప్పుడు లేని బొబ్బ తర్వాత ఎలా వచ్చిందని అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న, కాస్త వివరంగా చెబుతాను.

మన చర్మంలో ప్రధానంగా రెండు పొరలు. పైది బాహ్యచర్మం. శరీరంలో చాలా చోట్ల దాని మందం 0.1 మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. అందులో రక్తనాళాలు లేవు. దాని కింద అంతశ్చర్మం ఉంటుంది. రక్తకేశనాళికలు (అతి సన్నని రక్తనాళాలు), నరాల కొసలు, రోమకూపాలు (వెంట్రుకల కుదుళ్లు), స్వేదగ్రంథులు (చెమట గ్రంథులు) అన్నీ అక్కడే. ఈ రెండు పొరలనూ కలిపి పట్టి ఉంచే ప్రోటీన్ల అతుకు ఒకటి ఉంది. వేడికి ఆ అతుకు, దాన్ని ఆనుకుని ఉన్న అడుగు కణాలు దెబ్బతింటాయి. అదే సమయంలో కింది కేశనాళికల గోడలు వదులై, రక్తంలోని ద్రవభాగం, అంటే ప్లాస్మా, బయటికి ఊరుతుంది. పై పొర అప్పటికే పట్టు వదిలేసింది. ఊరిన నీరు ఆ సందులో చేరి పై పొరను పైకి లేపుతుంది. అదే బొబ్బ. ఈ ఊట మెల్లగా సాగుతుంది కాబట్టి కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి గాని బొబ్బ పూర్తిగా కనిపించదు. అమ్మాయీ, నిన్నటి నుంచి నీ చేతి మీద జరిగింది ఇదే.

బొబ్బ లేచిందంటే వేడి అంతశ్చర్మం దాకా చేరినట్టు. ఎర్రబడి, మండి, కొన్ని రోజులకు పొట్టు లేచి పోయేది మొదటి రకం. అందులో దెబ్బ బాహ్యచర్మానికే. రామకృష్ణా బీచ్‌లో పగలంతా ఆడిన పిల్లలకు ఎండకు కమిలేది చాలావరకు ఇదే. నీటి బొబ్బలు వచ్చేది రెండో రకం. ఇందులో మళ్లీ పైపైది, లోతుది అని రెండున్నాయి. మూడో రకంలో చర్మం మొత్తం మందం పోతుంది. అక్కడ తోలులా గట్టిపడి, నొప్పి కూడా తెలియదు.

ఎంత వేడికి ఎంతసేపట్లో చర్మం కాలుతుందో 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే పరిశోధకులు కొలిచి చూశారు. 44 డిగ్రీల సెల్సియస్ దగ్గర చర్మం దెబ్బతినడానికి దాదాపు ఆరు గంటలు పడుతుంది. అక్కడి నుంచి 51 డిగ్రీల దాకా ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ నష్టం వేగం ఇంచుమించు రెట్టింపవుతూ పోతుంది. 60 డిగ్రీల దగ్గర కొన్ని సెకన్లు చాలు. పొయ్యి మీద నుంచి అప్పుడే దించిన గంజి 90 డిగ్రీల పైన ఉంటుంది. పైగా గంజి నీళ్లలా జారిపోదు, చిక్కగా పట్టుకుని ఉంటుంది. కాబట్టి అంత వేగంగా చెయ్యి నీళ్లలో పెట్టడమే నిన్ను కాపాడింది.

సింధియా తమ్ముడు

మాస్టారూ, కుక్కరు ఆవిరి తగిలితే మరిగే నీళ్లకన్నా ఎక్కువ కాలుతుందంటారు. రెండూ 100 డిగ్రీలే కదా, తేడా ఎందుకు?

పెందుర్తి మాస్టారు

ఆవిరి చర్మాన్ని తాకగానే నీరుగా మారుతుంది. అలా మారేటప్పుడు గ్రాముకు దాదాపు 540 కేలరీల గుప్తోష్ణం వదులుతుంది. 100 డిగ్రీల నీరు శరీరపు వేడికి చల్లారేటప్పుడు వదిలేది గ్రాముకు 63 కేలరీలే. ఆ తేడా మొత్తం చర్మమే భరించాలి.

సింధియా తమ్ముడు

అర్థమైంది మాస్టారూ. నేను ఓడల మరమ్మతు పనుల్లో వెల్డింగ్ చేస్తాను. మా దగ్గర కొత్తగా వచ్చే కుర్రాళ్లకు నేను చెప్పే మాట ఇక్కడ కూడా చెబుతాను. మా పనిలో కాలేది చిన్నగా ఉంటుంది. నిప్పురవ్వ బూటులోకో చేతి తొడుగులోకో దూరుతుంది. చూస్తే పెన్సిల్ మొనంత మచ్చ, బొబ్బ కూడా లేవదు. బొబ్బ లేదు కాబట్టి పెద్ద దెబ్బ కాదని కుర్రాళ్లు అనుకుంటారు. నేను అలా అనుకోనివ్వను. కరిగిన లోహపు రవ్వ ఉన్న చోటే ఉండి లోపలికి కాలుస్తుంది. మధ్యలో తెల్లగా ఉండి, వేలితో నొక్కినా నొప్పి లేకపోతే అది లోతు గాయం. వెంటనే ప్రథమ చికిత్స గదికి పంపిస్తాను.

డ్రెస్సింగ్ గది

తమ్ముడు చెప్పిన మాట అందరూ గుర్తుంచుకోవాలి. గాయం దగ్గరికి రాగానే మేము చూసేది అదే. పైపై బొబ్బ కింద చర్మం గులాబీ రంగులో, తడిగా ఉంటుంది. నొక్కితే తెల్లబడి, వదలగానే మళ్లీ రంగు వస్తుంది. గాలి తగిలినా ఓర్చుకోలేనంత మంట ఉంటుంది. ఆ మంట వల్ల రోగి భయపడతారు గానీ, నరాలు బతికి ఉన్నాయని మాకు దానివల్లే తెలుస్తుంది. రంగు మచ్చలు మచ్చలుగా తెల్లబడి, నొక్కినా మార్పు లేకుండా, నొప్పి తక్కువగా ఉంటే లోతు ఎక్కువ.

ఇంకో సంగతి. మొదటి రోజు చూసి లోతు ఇంతేనని తేల్చలేం. బర్మింగ్‌హామ్ శస్త్రవైద్యుడు డగ్లస్ జాక్సన్ 1953లో కాలిన గాయాన్ని మూడు వలయాలుగా వివరించారు. నడుమ ఉన్నది పూర్తిగా చచ్చిన భాగం. అంచున ఉన్నది ఎర్రబడినా తప్పకుండా కోలుకునే భాగం. ఆ రెండింటి మధ్య ఒక వలయం ఉంది. అక్కడ రక్తప్రసరణ మందగించి, బతకనూ వచ్చు, చావనూ వచ్చు. ఒకటి రెండు రోజుల్లో అది ఎటు మొగ్గుతుందో మన సంరక్షణను బట్టి ఉంటుంది. చల్లటి నీళ్లు పోయమనేదీ, చీము పట్టకుండా చూడమనేదీ, నీళ్లు బాగా తాగమనేదీ ఆ మధ్య వలయాన్ని దక్కించుకోవడానికే.

పూర్ణామార్కెట్

సిస్టర్ గారూ, పేస్టు సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ బొబ్బ ముట్టుకోవద్దన్నారే, మా మేనల్లుడికి చేతి మీద పెద్ద బొబ్బ వస్తే ఆసుపత్రిలో డాక్టరు గారే పైతోలు కత్తిరించి తీసేశారు. అది తప్పంటారా?

డ్రెస్సింగ్ గది

తప్పు కాదు బాబాయి గారూ. ఈ విషయంలో వైద్యుల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. బొబ్బ పైతోలు సహజమైన కట్టు, అది ఉన్నంత వరకు నొప్పి తక్కువ, క్రిములు లోపలికి రావు అన్నది ఒక వాదన. పెద్ద బొబ్బ ఎలాగూ ఏదో ఒక రాపిడికి చిరుగుతుంది, అందులో నిలిచిన నీటిలో వాపును పెంచే పదార్థాలుంటాయి, తోలు తీస్తేనే అడుగు చూసి లోతు తేల్చగలం అన్నది రెండో వాదన. అందుకే 6 మిల్లీమీటర్ల లోపు చిన్న వాటిని ముట్టుకోకపోవడం, పెద్దవీ పలచటి తోలువీ కీలు మీద కదలికకు అడ్డొచ్చేవీ అయితే ఆసుపత్రిలో శుభ్రమైన పరికరాలతో తెరవడం చాలా చోట్ల పాటిస్తున్నారు. అరచేతి బొబ్బల తోలు మందం, వాటిని చాలాసార్లు అలాగే వదిలేస్తాం. నా అనుభవంలో ఇంటి సూదితో గుచ్చుకుని వచ్చినవే ఎక్కువగా చీము పట్టాయి. తెరవాల్సినవి తెరవాల్సిందే, అయితే వంటింట్లో కాదు.

అక్కా, మీ రూపాయి బిళ్ళంత బొబ్బ మణికట్టు వంగే చోట ఉంటే ఒకసారి డాక్టరుకు చూపించండి. దానంతట అది చితికితే కంగారు పడకండి. తోలు లాగేయకుండా కడిగి, దాన్నే గాయం మీద పరిచినట్టు ఉంచి కట్టు కట్టండి.

సీతమ్మధార గృహిణి

సిస్టర్ గారూ, మాస్టారూ, చాలా కృతజ్ఞతలు. అత్తగారికి మొత్తం చదివి వినిపించాను. పసుపు గిన్నె పక్కన పెట్టేశారు. బొబ్బ మణికట్టుకు కొంచెం పైన ఉంది, చెయ్యి వంచినా దాని మీద ఒత్తిడి లేదు. ఇంకో సందేహం. గాలి తగిలితేనే పుండు ఆరుతుంది, కట్టు కడితే చెమటకు కుళ్లిపోతుంది అంటారు కదా. మన ఉక్కపోతలో కట్టు ఉంచడం మంచిదేనా?

పెందుర్తి మాస్టారు

ఆరబెట్టాలన్న నమ్మకం చాలా పాతది, వైద్యుల్లోనూ ఉండేది. 1962లో జార్జి వింటర్ అనే శాస్త్రవేత్త పందిపిల్లల చర్మం మీద పైపై గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలి, కొన్నింటిని పలచటి పొరతో కప్పి చూశారు. కప్పి తేమగా ఉంచినవాటి మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో కమ్ముకుంది.

కారణం చెబుతాను. కొత్త చర్మం గాయపు అంచుల నుంచి మాత్రమే రాదు. అంతశ్చర్మంలో మిగిలి ఉన్న రోమకూపాల గోడల నుంచి, స్వేదగ్రంథుల నాళాల నుంచి కూడా చర్మకణాలు బయలుదేరుతాయి. కోతల కాలంలో తెగిన మళ్లలో అక్కడక్కడా మిగిలిన గట్ల మీది గడ్డి పొలమంతా కమ్ముకున్నట్టు, ఆ కణాలు ఒక్కో కూపం చుట్టూ చిన్న దీవిలా మొదలై, పాకి, పక్క దీవితో కలిసిపోతాయి. తడి నేల మీద అవి సులువుగా జరుగుతాయి. ఎండి పెచ్చు కడితే ఆ పెచ్చు కింద తేమ ఎక్కడుందో వెతుక్కుంటూ లోతుగా వెళ్లాలి. పైపై బొబ్బ కింద రోమకూపాలు దాదాపు అన్నీ బతికే ఉంటాయి కాబట్టి రెండు వారాలు, మహా అయితే మూడు వారాల్లో మానుతుంది. లోతుగా కాలితే కూపాలు కూడా తగ్గిపోతాయి. మూడు వారాలు దాటినా మానని గాయం ఉబ్బెత్తు మచ్చగా మిగిలే అవకాశం ఎక్కువ. అందుకే మూడు వారాలన్న గీతకు వైద్యంలో అంత ప్రాముఖ్యం.

డ్రెస్సింగ్ గది

చెమట సంగతి నేను చెబుతాను. తేమ వేరు, నానిపోవడం వేరు. మన ఉక్కపోతలో కట్టు చెమటకు తడిసినా, ఊటకు తడిసినా మార్చాల్సిందే. చుట్టుపక్కల మంచి చర్మం తెల్లగా నాని ముడతలు పడుతుంటే కట్టు మరీ తడిగా ఉందని అర్థం. ప్లాస్టిక్ సంచి చుట్టడం వద్దు. స్నానం చేయండి, గాయాన్ని కూడా మంచి నీళ్లతో కడగండి. మానేదాకా సముద్రంలో మాత్రం దిగకండి.

గాయం మీద పసుపుపచ్చటి పలచటి పొర కనిపించినంత మాత్రాన చీము అనుకోవద్దు, ఊటలోని ప్రోటీన్లు అలా పేరుకుంటాయి. చుట్టూ ఎరుపు రోజురోజుకూ పాకుతున్నా, తగ్గిన నొప్పి మళ్లీ పెరిగినా, దుర్వాసన వచ్చినా, జ్వరం వచ్చినా అప్పుడు ఆలస్యం చేయకండి.

మర్రిపాలెం నాన్న

మా పాపకు బైకు దిగుతుంటే కుడి పిక్కకు సైలెన్సరు తగిలింది. మానింది గానీ అక్కడ నల్లటి మచ్చ, నడుమ కొంచెం తెల్లగా ఉంది. రాత్రిళ్లు ఒకటే దురద. ఆ రంగు ఎప్పటికీ అలాగే ఉండిపోతుందా? ఆడపిల్ల కదా, వాళ్లమ్మ బాధపడుతోంది.

డ్రెస్సింగ్ గది

అన్నయ్యా, వదినగారికి ధైర్యం చెప్పండి. చర్మానికి రంగునిచ్చే కణాలు బాహ్యచర్మం అడుగున ఉంటాయి. వాపు వల్ల అవి ఎక్కువ రంగు తయారుచేస్తే నల్లబడుతుంది, అవి నశించిన చోట తెల్లగా ఉంటుంది. రోమకూపాల్లో మిగిలిన కణాల నుంచి రంగు మెల్లగా తిరిగి వస్తుంది. మన చాయ చర్మంలో ఈ మార్పు బాగా కనిపిస్తుంది, తగ్గడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. అంతవరకూ ఆ చోట ఎండ తగలనివ్వకండి. పొడుగు దుస్తులు వేయండి, బయటికి వెళ్లేటప్పుడు ఎస్‌పీఎఫ్ 30 పైన ఉన్న సన్‌స్క్రీన్ రాయండి. కొత్త చర్మంలో నూనె గ్రంథులు ఇంకా సరిగా పనిచేయవు, అందుకే పొడిబారి దురద పెడుతుంది. మానిన చర్మం మీద కొబ్బరి నూనె గానీ వాసన లేని మాయిశ్చరైజరు గానీ రోజుకు రెండు మూడు సార్లు మర్దనా చేయండి. మచ్చ ఉబ్బెత్తుగా, గట్టిగా లేస్తుంటే మాత్రం డాక్టరుకు చూపించండి.

పూర్ణామార్కెట్

మరి తేనె? అదీ వద్దంటారా?

డ్రెస్సింగ్ గది

తేనె మీద మంచి పరిశోధనలే ఉన్నాయి. పైపై కాలిన గాయాలు కొన్ని పాత పద్ధతుల కట్ల కన్నా తేనె కట్లతో తొందరగా మానాయి. కానీ అది క్రిములు లేకుండా శుద్ధి చేసిన వైద్య తేనె, అంగట్లో సీసా తేనె కాదు. అలాగే తెల్లటి సిల్వర్ సల్ఫాడయాజీన్ మలాము 1960లలో వచ్చి కాలిన గాయాల వైద్యాన్నే మార్చింది. అయినా చిన్న బొబ్బలకు అది మానడాన్ని కొంత ఆలస్యం చేస్తుందని ఇప్పుడు తెలుసు. ఇంట్లో ఉంది కదా అని రాసేయకుండా డాక్టరును అడిగి వాడండి.

భీమిలి కెరటం

ఇప్పుడే ఇదంతా చదివి రాస్తున్నాను. నాన్నగారికి చాలా ఏళ్లుగా షుగరు. కాళ్లు లాగుతున్నాయని వేడినీళ్లలో ఉప్పు వేసి పాదాలు పెట్టుకున్నారు. పాదం పక్కన పెద్ద బొబ్బ వచ్చింది. నొప్పి ఏమీ లేదంటున్నారు, హాయిగా తిరుగుతున్నారు. చిన్నదే కదా, ఇంట్లో కట్టు కడితే సరిపోతుందా?

డ్రెస్సింగ్ గది

సరిపోదమ్మా. రేపటిదాకా ఆగకుండా వీలైతే ఈ రోజే చూపించండి. దగ్గరలో డాక్టరు ఎవరూ లేకపోతే ఇక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు తీసుకెళ్లండి. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. అందుకే నీళ్లు అంత వేడిగా ఉన్నాయని ఆయనకు తెలియలేదు, ఇప్పుడు నొప్పి లేదనడానికీ అదే కారణం కావచ్చు. లోతుగా కాలినా నొప్పి ఉండదని పైన చెప్పాను కదా, ఆయన విషయంలో ఏది కారణమో ఇంట్లో తేల్చలేం. రక్తప్రసరణ తక్కువగా ఉన్న పాదం ఆలస్యంగా మానుతుంది, క్రిములు సులువుగా లోతుకు వెళ్తాయి. షుగరు ఉన్నవారి పాదాల మీద, పసిపిల్లలకు, ముఖం మీద, చేతివేళ్ల మీద, కీళ్ల మీద, మర్మావయవాల దగ్గర కాలినా, కరెంటు వల్లో యాసిడ్ వల్లో కాలినా, రోగి సొంత అరచేయి కన్నా పెద్దగా కాలినా ఇంటి వైద్యం కుదరదు.

అప్పటిదాకా బొబ్బ ముట్టుకోకండి, ఆ కాలి మీద బరువు వేయనివ్వకండి, చెప్పు బొబ్బకు రాసుకోకుండా చూడండి. ఇకపై ఆయనకు వేడినీళ్ల కాపడం వద్దు. స్నానం నీళ్లు కూడా ఇంట్లో వేరే ఎవరైనా మోచేయి ముంచి చూసిన తర్వాతే పోసుకోవాలి.

భీమిలి కెరటం

ఆటో పిలిచాను సిస్టర్ గారూ, ఇప్పుడే బయలుదేరుతున్నాం.

డ్రెస్సింగ్ గది

మంచిది. ఆయన వాడే మందుల చీటీ, చివరి షుగరు పరీక్ష కాగితం వెంట పెట్టుకోండి. ధనుర్వాతం టీకా గురించి మీరే అడగండి, రద్దీలో వాళ్లు మరిచిపోవచ్చు.